ఆయాసం ఎంతవరకు?

వాకింగ్ ట్రాక్ మీదా, జిమ్‌లోనూ, కొండ మెట్ల మీదా వినిపించేది ఒకటే ప్రశ్న. ఎంత గట్టిగా చేస్తే గుండెకు మేలు? ఎక్కడ ఆపాలి? జవాబు కొంత చేతి గడియారంలో ఉంది. చాలావరకు మన ఊపిరిలోనే ఉంది.

అలిపిరి పాదాల మండపం దగ్గర ఇంకా చీకటి విడలేదు. పసుపు పొట్లం ఒక చేత్తో పట్టుకుని, మెట్టుమెట్టుకీ రాసి బొట్టు పెడుతూ ఒక పెద్దావిడ నిదానంగా ఎక్కుతోంది. ఆమెను దాటుకుంటూ నలుగురు కుర్రాళ్లు రెండేసి మెట్లు ఒక్క అంగలో ఎక్కేస్తున్నారు. ఒకడి చేతి గడియారం అదేపనిగా కూస్తోంది, తెర మీద ఎర్ర అంకె: 178. కాస్త పైన పిట్టగోడకు ఆనుకుని ఒకాయన నిలబడిపోయాడు. నుదుటి మీద చెమట ధారలు కడుతోంది. భార్య నీళ్ల సీసా మూత తీసి, "కాసేపు కూచుందామండీ, తొందరేముంది?" అంటోంది. కింద నుంచి ఎవరో "ఏడుకొండలవాడా!" అని ఎలుగెత్తారు. పెద్దావిడ గొంతు ఖంగుమంది: "గోవిందా!" కుర్రాళ్ల నోట ఆ పేరు సగమే పలికింది. గోడకు ఆనుకున్నాయన పెదవులు కదిలాయి కానీ మాట బయటికి రాలేదు.

అదే కొండ, అవే మెట్లు. శరీరాలు మాత్రం మూడు రకాల పని చేస్తున్నాయి. పెద్దావిడది తేలిక శ్రమ, కుర్రాళ్లది తీవ్రమైన శ్రమ. ఆగిపోయినాయనది ఆయన గుండె ఆ క్షణాన మోయలేని శ్రమ.

అలిపిరి దారిలో 3,550 మెట్లు, సుమారు 9 కిలోమీటర్లు. గాలి గోపురం దాకా నిటారు ఎక్కుడు, మధ్యలో కాళ్లకు ఊరటనిచ్చే చదును దారి, చివర్లో మోకాళ్ల పర్వతం. 60 ఏళ్లు దాటినవారు, మధుమేహం, రక్తపోటు, ఉబ్బసం, గుండె జబ్బుల వంటివి ఉన్నవారు కాలినడకన రాకపోవడమే మంచిదని 2024 అక్టోబరులో తిరుమల తిరుపతి దేవస్థానం సూచించింది. దారిలో 1500వ మెట్టు, గాలి గోపురం, భాష్యకార్ల సన్నిధి దగ్గర వైద్య సహాయం దొరుకుతుందని కూడా చెప్పింది. ఆ సూచన చాలా ఇళ్లలో చర్చకు వచ్చింది. "రోజూ వాకింగ్ చేస్తున్నాగా, నాకేమవుతుంది?" అన్నవాళ్లున్నారు. "అమ్మో, ఇక మెట్ల జోలికే వెళ్లను" అన్నవాళ్లూ ఉన్నారు. ఇద్దరికీ తెలియాల్సింది ఒకటే. నా శరీరం ఈ క్షణంలో ఎంత పని చేస్తోందో కొలుచుకోవడం ఎలా?

భయం ఎక్కడ మొదలైంది?

2021 అక్టోబరు 29న కన్నడ కథానాయకుడు పునీత్ రాజ్‌కుమార్ 46 ఏళ్లకే గుండెపోటుతో కన్నుమూశారు. 2022 ఫిబ్రవరిలో ఆంధ్రప్రదేశ్ మంత్రి మేకపాటి గౌతమ్‌రెడ్డి 50 ఏళ్లకే అలాగే వెళ్లిపోయారు. ఇద్దరూ ఒంటిని శ్రద్ధగా చూసుకునేవారని పేరున్నవాళ్లే. ఆ తర్వాత జిమ్‌లో, షటిల్ కోర్టులో, పెళ్లి బరాత్‌లో ఎవరో కుప్పకూలిన సీసీ కెమెరా దృశ్యాలు వాట్సాప్‌లో వరసకట్టాయి. ఒక్కో వీడియో ఒక్కో ఇంట్లో అప్పటికే కట్టిన జిమ్ ఫీజును వృథా చేసింది. "ఉన్న ఆరోగ్యం చాల్లే, కొత్తవి వద్దు" అంటూ తల్లులు పిల్లల్ని ఆపారు.

అలాంటి మరణాన్ని వ్యాయామం ఒక్కదాని మీదే వేయడం సరికాదు. బయటపడకుండా లోపల పెరుగుతున్న రక్తనాళాల జబ్బో, పుట్టుకతో వచ్చిన గుండె లోపమో చాలాసార్లు అసలు కారణమవుతుంది. అలాగని శ్రమకు పాత్రే లేదనలేం. అమెరికాలో 1,228 మంది గుండెపోటు రోగులను అడిగి తెలుసుకున్న వివరాలతో ముర్రే మిటిల్‌మన్ బృందం 1993లో ఒక అధ్యయనం ప్రచురించింది. గట్టి శ్రమ చేసిన గంటలోపు గుండెపోటు వచ్చే ముప్పు మామూలు వేళకంటే సుమారు 6 రెట్లు ఉందని తేలింది. ఆ సగటు లోపల ఉన్న తేడానే మనం చూడాలి. వారంలో ఒక్కసారైనా గట్టిగా ఒళ్లు వంచనివాళ్లలో అది 107 రెట్లు. వారానికి 5 సార్లు, అంతకంటే ఎక్కువ చేసేవాళ్లలో 2.4 రెట్లే.

ఒక మనిషికి ఒక ఫలానా గంటలో గుండెపోటు వచ్చే అవకాశం మామూలుగా చాలా చాలా తక్కువ. కాబట్టి 107 రెట్లన్న మాట విని బెంబేలెత్తక్కర్లేదు. కానీ అది చెబుతున్నది స్పష్టం. ఆర్నెల్లు కుర్చీలో కూర్చుని, జనవరి ఒకటిన ట్రెడ్‌మిల్ ఎక్కి పరుగందుకోవడమే ప్రమాదం. అలవాటైన శ్రమ అదే గుండెకు రక్షణ.

గడియారం చెప్పే 220 లెక్క

స్మార్ట్‌వాచ్ కొనగానే అది ముందుగా అడిగేది వయసు. 220లోంచి ఆ వయసు తీసేసి, మన గుండె గరిష్ఠంగా కొట్టుకునే వేగం అదేనని చాలా యాప్‌లు తీర్మానించేస్తాయి. 45 ఏళ్లయితే 175. దాంట్లో శాతాలు వేసి నీలం, ఆకుపచ్చ, నారింజ, ఎరుపు జోన్లు గీస్తాయి. జిమ్ గోడ మీది చార్టుదీ అదే లెక్క.

ఆ సూత్రం పుట్టుక తెలిస్తే దాన్ని ఎంతవరకు నమ్మాలో తెలుస్తుంది. 1970 ప్రాంతంలో అమెరికాలో శామ్యూల్ ఫాక్స్, విలియం హాస్కెల్ అనే ఇద్దరు పరిశోధకులు, గుండె రోగుల చేత ఎంత వ్యాయామం చేయించవచ్చో ఆలోచిస్తున్నారు. అప్పటికే అచ్చయిన పదీపన్నెండు అధ్యయనాల అంకెలను ఒక గ్రాఫు మీద పెట్టి చూస్తే, వయసుతో పాటు గరిష్ఠ వేగం తగ్గే గీత సుమారుగా 220 నుంచి వయసు తీసేసినట్టు కనిపించింది. ప్రత్యేకంగా ప్రయోగం చేసి తేల్చింది కాదు. దీన్ని అందరికీ కచ్చితమైన కొలబద్ద చేయాలన్నది తమ ఉద్దేశం కాదని హాస్కెలే తర్వాత చెప్పారు. తేలిగ్గా నోటికొచ్చే లెక్క కావడంతో ప్రపంచమంతా పాకింది.

సగటుగా చూస్తే తప్పేమీ కాదు. చిక్కంతా ఒక్కో మనిషి దగ్గరికొచ్చేసరికే. ఒకే వయసువాళ్ల మధ్య గరిష్ఠ వేగంలో 10 నుంచి 12 వరకు అటూ ఇటూ తేడా మామూలు. కొందరిలో 20కి పైనే. 45 ఏళ్ల ఇద్దరు అన్నదమ్ముల్లో అన్నది 190, తమ్ముడిది 160 అయినా అది జబ్బు కాదు. ఊరందరికీ ఒకే కొలతతో చొక్కాలు కుట్టిస్తే కొందరికి బిగుతు, కొందరికి వదులు అయినట్టే ఇదీ. అన్నకు గడియారం ఎరుపు చూపించేసరికి అతను ఇంకా హాయిగానే ఉండొచ్చు. తమ్ముడు ఆకుపచ్చలో ఉన్నాననుకుంటూ రొప్పుతుండొచ్చు.

తర్వాత కొత్త సూత్రాలు వచ్చాయి. 2001లో హిరోఫుమి తనాకా బృందం 351 అధ్యయనాలను కలిపి చూసి, వయసును 0.7తో గుణించి 208లోంచి తీసేయమంది. పెద్దవయసువాళ్ల గుండె పాత సూత్రం అనుకున్నంత నెమ్మదించదని దాని సారం. 60 ఏళ్లకు పాత లెక్క 160 అంటే, ఇది 166 అంటుంది. 220 లెక్కకు ఆధారమైన పాత అధ్యయనాల్లో ఎక్కువమంది మగవాళ్లే. షికాగోలో 5,437 మంది ఆడవాళ్లను పరీక్షించిన డాక్టర్ మార్తా గులాటి బృందం, స్త్రీలకు వయసును 0.88తో గుణించి 206లోంచి తీసేయాలని 2010లో చెప్పింది. 45 ఏళ్ల స్త్రీకి అది 166. అంటే 175 అనుకుని ట్రైనర్ ఉరికిస్తున్న ఆవిడ, తన శక్తికి మించిన లక్ష్యం వెంట పడుతుండవచ్చు. అందుకోలేక "నా వల్ల కాదు" అని మానేసిన ఆడవాళ్లు ఎంతమందో. వాళ్లలో చాలామంది శరీరం చేయాల్సిన పని సరిగ్గానే చేసి ఉంటుంది. గోడ మీది చార్టు వాళ్ల కోసం గీసింది కాదు, అంతే.

> పరుపు మీదే మొదటి కొలత
>
> ఉదయం లేవగానే, కాఫీకి ముందు, పడుకునే నాడి లెక్కపెట్టుకోండి. మణికట్టు దగ్గర, బొటనవేలి మొదట్లో రెండు వేళ్లు ఆనించి 30 సెకన్లు లెక్కించి రెట్టింపు చేస్తే సరి. ఇది విశ్రాంతి వేగం. ఫిన్లండ్ శాస్త్రవేత్త మార్టీ కార్వోనెన్ 1957లో ఇచ్చిన పద్ధతి ఈ అంకెను కూడా లెక్కలోకి తీసుకుంటుంది. గరిష్ఠ వేగంలోంచి విశ్రాంతి వేగం తీసేస్తే వచ్చేది మన దగ్గరున్న 'నిల్వ'. అందులో 40 నుంచి 59 శాతం వాడి, మళ్లీ విశ్రాంతి వేగం కలిపితే మధ్యస్థ వ్యాయామం.
>
> గరిష్ఠం 175, విశ్రాంతి 70 అయితే: నిల్వ 105, మధ్యస్థం 112 నుంచి 132.
>
> గరిష్ఠం 175, విశ్రాంతి 55 అయితే: నిల్వ 120, మధ్యస్థం 103 నుంచి 126.

మాట పరీక్ష

ఏ యంత్రమూ అక్కర్లేని కొలత ఒకటుంది. నడుస్తూ మాట్లాడి చూడడం. అమెరికాలో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయం లా క్రాస్‌లో కార్ల్ ఫోస్టర్ ఏళ్ల తరబడి దీన్ని ప్రయోగశాలలో పరీక్షించారు. ముఖానికి తొడుగు పెట్టి ఊపిరిని కొలిచే ఖరీదైన పరీక్షకు, ఈ మాట్లాడే పరీక్షకు దగ్గరి పొంతన కనిపించింది.

కారణం సులువే. మాట్లాడాలంటే ఊపిరిని ఆపి, మెల్లగా, పొడవుగా వదలాలి. శ్రమ ఒక హద్దు దాటితే కండరాల్లోంచి వచ్చే బొగ్గుపులుసు వాయువును గబగబా బయటికి పంపాలని మెదడు తొందరపెడుతుంది. ఊపిరి పొట్టిదవుతుంది. పొట్టి ఊపిరిలో పొడుగు వాక్యం పట్టదు. మాట తెగిన చోటే శరీరం మధ్యస్థం నుంచి తీవ్రంలోకి అడుగుపెట్టిందని గుర్తు. ఆ హద్దు మీ వయసునో మీ గడియారం బ్రాండునో అడగదు. ఆ రోజు మీ ఒంట్లో ఎంత సత్తువ ఉందో దాన్ని బట్టే జరుగుతుంది.

పాట పాడగలిగితే అది తేలిక శ్రమ. నిండు వాక్యాలు మాట్లాడగలిగి, పాడలేకపోతే మధ్యస్థం. రెండు మూడు మాటలకోసారి ఊపిరి తీసుకోవాల్సి వస్తే తీవ్రం. అసలు మాటే రాకపోతే, ఆ వేగం శిక్షణ ఉన్నవాళ్లకు, అదీ కొద్ది నిమిషాలకే. కొండెక్కేవాళ్లు గోవింద నామం పైకి, పూర్తిగా పలుకుతూ ఎక్కితే ఈ పరీక్ష అడుగడుగునా జరిగిపోతుంది. నామం ముక్కలవుతోందంటే వేగం తగ్గించాలి. నోట పలకడం లేదంటే పక్కకు వచ్చి కూర్చోవాలి.

ఇక్కడ పార్కు నడకల గురించి ఒక మాట చెప్పాలి. హైదరాబాద్ కేబీఆర్ పార్కులోనో వరంగల్ భద్రకాళి బండ్ మీదో ఉదయం వెళ్లి చూడండి. అతిగా చేసేవాళ్లు పిడికెడుమంది. ఎక్కువమందిది తక్కువ చేయడమే. నిన్నటి సీరియల్ కథ మొదట్నుంచి చివరిదాకా ఎక్కడా ఊపిరి కోసం ఆగకుండా చెప్పుకుంటూ గంట నడిచేస్తారు. ఇంట్లో కూర్చోవడం కంటే అది వెయ్యిరెట్లు మంచిదే. స్నేహం దొరుకుతుంది, ఎండ తగులుతుంది, కీళ్లు కదులుతాయి. కానీ ఏడాదిగా నడుస్తున్నా షుగరు దిగలేదని, పొట్ట తగ్గలేదని దిగులుపడేది వీళ్లే. వీళ్లకు ఇంకో గంట నడక అక్కర్లేదు. ఆ గంటలోనే ఒక ఇరవై నిమిషాలు, కథ చెబుతుంటే మధ్యమధ్య ఊపిరి తీసుకోవాల్సి వచ్చే వేగం చాలు. అడుగులు లెక్కపెట్టేవాళ్లకు పెద్దలలో మధ్యస్థ వేగం నిమిషానికి సుమారు 100 అడుగులు.

> వారానికి ఎంత?
>
> ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్గదర్శకాల ప్రకారం పెద్దలకు వారానికి 150 నుంచి 300 నిమిషాల మధ్యస్థ వ్యాయామం, లేదా 75 నుంచి 150 నిమిషాల తీవ్ర వ్యాయామం కావాలి. రెండూ కలిపీ చేయవచ్చు. వారానికి రెండు రోజులు కండరాలకు బలమిచ్చే కసరత్తులు అదనం.
>
> 2022లో మన దేశంలో పెద్దల్లో దాదాపు సగం మంది ఈ మాత్రం కూడా చేయడం లేదని 2024లో లాన్సెట్ గ్లోబల్ హెల్త్ పత్రికలో వచ్చిన అంచనా. ఆడవాళ్లలో 57 శాతం, మగవాళ్లలో 42 శాతం.

పదికి ఎన్ని మార్కులు?

స్వీడన్ మనస్తత్వ శాస్త్రవేత్త గున్నార్ బోర్గ్ 1960ల్లోనే ఇంకో దారి చూపించారు. ఎంత కష్టంగా ఉందో చేసేవాళ్లనే అడగడం. ఆయన కొలమానం 6 నుంచి 20 వరకు ఉంటుంది. చెప్పిన అంకెను పదితో గుణిస్తే ఆరోగ్యవంతుడైన యువకుడి గుండె వేగానికి దగ్గరగా వస్తుందని అలా పెట్టారు. 'కాస్త కష్టంగా ఉంది' అన్నది 13. ఇప్పుడు చాలామంది వాడేది పది మార్కుల పద్ధతి. కుర్చీలో కూర్చోవడం సున్నా, ఇక ఒక్క అడుగు కూడా వేయలేననే స్థితి పది. 5, 6 దగ్గర మధ్యస్థం. 7, 8 తీవ్రం.

కొందరికి ఈ మార్కులే దిక్కు. బీపీకో గుండెకో మెటోప్రొలాల్, అటెనొలాల్ లాంటి బీటా బ్లాకర్ మాత్రలు వేసుకునేవాళ్ల గుండెను మందే కావాలని నెమ్మదిగా ఉంచుతుంది. ఎంత నడిచినా గడియారంలో 105 దాటకపోవచ్చు. చార్టులో 120 రావాలని ఉంది కదా అని ఇంకా గట్టిగా పరుగెత్తడం ప్రమాదం. స్టెంట్ వేయించుకున్న ఎందరో పెద్దవాళ్లు ఈ అంకె చూసుకుని, తమ గుండె పని చేయడం లేదని లోలోపల కుమిలిపోతుంటారు. వాళ్లకు ఎవరో ఒకరు కూర్చోబెట్టి చెప్పాలి: అది మీ లోపం కాదు, మాత్ర తన పని చేస్తోంది. ఏళ్లుగా మధుమేహం ఉండి నరాలు దెబ్బతిన్నవాళ్లలో కూడా శ్రమకు తగ్గట్టు గుండె వేగం పెరగకపోవచ్చు. వీళ్లందరూ మాటనూ మార్కులనూ నమ్ముకోవాలి. ఎంత వేగం సబబో తమ డాక్టరును అడిగి తెలుసుకోవాలి.

మే నెల ఎండలో

అదే మనిషి, అదే దారి, అదే వేగం. డిసెంబరులో 120 ఉన్న గుండె వేగం మే నెలలో 135 అవుతుంది. చర్మాన్ని చల్లబరచడానికి రక్తం అటు మళ్లుతుంది. చెమటతో ఒంట్లో నీరు తగ్గుతుంది. ఒక్కో స్పందనకు తక్కువ రక్తం వస్తుంటే గుండె ఎక్కువసార్లు కొట్టుకోవాలి. విశాఖ, కాకినాడ తీరాల్లో గాలిలో తేమకు చెమట ఆరదు కాబట్టి ఎండ లేకపోయినా ఇదే పరిస్థితి. అలాంటి రోజుల్లో నిన్నటి కిలోమీటర్ల లెక్కను పక్కన పెట్టాలి. మాట తెగకుండా ఎంత వేగం వస్తే అంతే. జ్వరం వచ్చి తగ్గిన వారం, నిద్ర లేని రాత్రి మర్నాడు కూడా ఇదే వర్తిస్తుంది.

గడియారాల సంగతీ తెలుసుకోవాలి. అవి చర్మం మీద ఆకుపచ్చ కాంతి వేసి, రక్తం పొంగును బట్టి లెక్కిస్తాయి. పట్టీ వదులైతే, చేతులు విసురుగా కదిలితే, హ్యాండిల్‌ను బిగించి పట్టుకుంటే తప్పుతాయి. ఒక్కోసారి అడుగుల లయనే గుండె లయ అనుకుంటాయి. ఛాతీకి కట్టే పట్టీ గుండె విద్యుత్తునే పట్టుకుంటుంది కనుక అంతకంటే నమ్మదగింది. వాచీ మానేయమని కాదు. నెలల తరబడి అదే దారిలో అదే వేగానికి అంకె తగ్గుతూ వస్తుంటే గుండె బలపడుతోందని చూపించేది అదే. ఆ ఆనందం దక్కాలి.

గట్టిగా చేస్తేనే ఫలమా?

ఆగస్టులో హైదరాబాద్ మారథాన్ దగ్గర పడేకొద్దీ పరుగు గుంపుల్లో 'జోన్ టూ' (తేలిగ్గా మాట్లాడుకోగలిగే వేగం) అన్న మాట జపమైపోతుంది. నార్వేలో పనిచేసే స్టీఫెన్ సైలర్ ప్రపంచ స్థాయి రోయింగ్, స్కీయింగ్, పరుగు క్రీడాకారుల శిక్షణను పరిశీలించి, వాళ్ల సాధనలో సుమారు 80 శాతం తేలిగ్గా మాట్లాడుకోగలిగే వేగంలోనే సాగుతుందని చూపించారు. రోజూ రొప్పుతూ పరుగెత్తి, మూడు నెలలకే మోకాలు పట్టుకునే మన కుర్రాళ్లకు ఇది తెలియాలి. ఒలింపిక్ పతకం తెచ్చేవాడే వారంలో ఎక్కువ రోజులు నిదానిస్తున్నాడు.

అలాగని తీవ్రతకు విలువ లేదనడం లేదు. జపాన్‌లో షిన్షు విశ్వవిద్యాలయ పరిశోధకుడు హిరోషి నోసే బృందం 2007లో ప్రచురించిన అధ్యయనంలో, నడివయసు దాటినవాళ్ల చేత మూడు నిమిషాలు వడిగా, మూడు నిమిషాలు నెమ్మదిగా మార్చి మార్చి నడిపించారు. ఐదు నెలల్లో తొడల బలం, ఊపిరి సత్తువ పెరిగాయి, రక్తపోటు తగ్గింది. ఒకే తీరుగా నడిచినవాళ్లకంటే ఫలితం మెరుగ్గా ఉంది. నాకు ఈ పద్ధతి మన పార్కులకు అతికినట్టు సరిపోతుందనిపిస్తుంది. వడి మూడు నిమిషాలు మౌనం, నెమ్మది మూడు నిమిషాలు కబుర్లు. స్నేహమూ పోదు, శ్రమా తగ్గదు.

నార్వేలోని ట్రాన్‌హైమ్‌లో 70 నుంచి 77 ఏళ్ల మధ్య ఉన్న 1,567 మందిని ఐదేళ్లు గమనించి 2020లో ఫలితాలు చెప్పారు. కొందరు తీవ్రంగా, కొందరు మధ్యస్థంగా పర్యవేక్షణలో చేశారు. మిగిలినవాళ్లు ప్రభుత్వ సలహాల ప్రకారం తమంతట తాము చేసుకున్నారు. వ్యాయామం చేయించిన రెండు బృందాలను కలిపి, సొంతంగా చేసుకున్నవాళ్లతో పోలిస్తే మరణాల్లో చెప్పుకోదగ్గ తేడా లేదు. తాతగారు పరుగెత్తలేకపోతున్నానని బాధపడక్కర్లేదు. ఆగకుండా నడిస్తే చాలు.

> వెంటనే ఆపాల్సిన గుర్తులు
>
> ఛాతీలో బిగింపు, బరువు, మంట. ఎడమ చేతికో దవడకో వెన్నుకో పాకే నొప్పి. కళ్లు తిరగడం, చల్లటి చెమట. గుండె లయ తప్పినట్టు దడ. ఆగినా తగ్గని ఆయాసం. 'గ్యాస్ అయి ఉంటుందిలే' అని సోడా తాగుతూ కూర్చోకుండా 108కి ఫోన్ చేయాలి.
>
> ఇంకో గుర్తు: గట్టి శ్రమ ఆపి, నెమ్మదిగా నడుస్తూ ఒక నిమిషంలో గుండె వేగం కనీసం 12 అయినా తగ్గాలి. ఎప్పుడూ అంతకంటే తక్కువే తగ్గుతుంటే డాక్టరుకు చూపించుకోండి.

బీరువాలోని కాగితం

నలభై దాటి కొత్తగా గట్టి వ్యాయామం మొదలుపెట్టేవాళ్లు, బీపీ, షుగరు, సిగరెట్టు అలవాటు ఉన్నవాళ్లు, ఇంట్లో చిన్నవయసులోనే ఎవరికైనా గుండెపోటు వచ్చినవాళ్లు ముందుగా డాక్టరును కలవాలి. అవసరమనుకుంటే ఆయన ట్రెడ్‌మిల్ మీద నడిపిస్తూ గుండెను చూసే టీఎంటీ పరీక్ష రాస్తారు. చాలా ఇళ్లలో అప్పటికే ఒక పాత టీఎంటీ రిపోర్టు బీరువాలో ఉంటుంది. అందులో 'నెగటివ్' అన్న ఒక్క మాట చూసుకుని, హమ్మయ్య అనుకుని ఫైల్లో పెట్టేసి ఉంటారు. ఆ కాగితం ఒకసారి తీయండి. ట్రెడ్‌మిల్ మీద మీ గుండె నిజంగా ఎంత వేగం దాకా వెళ్లిందో, ఎన్ని నిమిషాలు ఓర్చుకున్నారో, అప్పుడు బీపీ ఎంతో, ఎన్ని 'మెట్‌'ల (METs, శ్రమను కొలిచే ప్రమాణం) పని చేయగలిగారో అన్నీ రాసి ఉంటాయి. చాలాచోట్ల గుండె లక్ష్య వేగం చేరగానే పరీక్ష ఆపేస్తారు కాబట్టి అదే మీ గరిష్ఠం కాకపోవచ్చు. అయినా మీ వయసు మీద వేసిన సగటు కంటే అది మీ సొంత ఒంటి నుంచి వచ్చిన అంకె. ఈసారి డాక్టరు దగ్గరికి వెళ్లినప్పుడు ఆ కాగితం పట్టుకెళ్లి, "నేను ఏ వేగం దాకా నడవొచ్చండీ?" అని అడగండి.